ఎమ్మా కుదిర్చిన సంబంధం ఒక్కటీ లేదు: ఒక నవల, నాలుగు సినిమాలు

ఓటీటీలో "ఎమ్మా" అని కొడితే ఒకటి కాదు, వరసపెట్టి వస్తాయి. 1996లో గ్వినెత్ పాల్ట్రో నటించిందొకటి. అదే ఏడాది కేట్ బెకిన్‌సేల్‌తో టీవీ కోసం తీసిందొకటి. 2009లో బీబీసీ నాలుగు భాగాలుగా వేసిన సీరియల్ ఇంకొకటి. 2020లో అన్యా టేలర్‌జాయ్‌తో వచ్చిన సినిమా మరొకటి. దాని పేరు చివర చుక్క కూడా ఉంటుంది. పాతకాలం కథల్ని పీరియడ్ సినిమాలంటారు, అమెరికన్లు ఫుల్‌స్టాప్‌నీ పీరియడే అంటారు కాబట్టి చుక్క పెట్టానని దర్శకురాలి చమత్కారం. ఇవిగాక ఆ పేరు పెట్టుకోకుండా అదే కథ చెప్పినవి రెండున్నాయి: 1995 నాటి అమెరికన్ హైస్కూల్ సినిమా "క్లూలెస్", 2010 నాటి హిందీ సినిమా "ఆయిషా". 2025 డిసెంబర్ 16కి రచయిత్రి జేన్ ఆస్టెన్ పుట్టి 250 ఏళ్ళు నిండడంతో వీటన్నిటి మీదా చర్చ మళ్ళీ లేచింది. ఏది నవలకి దగ్గర, ఏది దూరం అనేదే అందులో ఎక్కువ.

ఆ తకరారు తేలాలంటే ముందు నవల ఏం చేస్తుందో చూడాలి. 1815 డిసెంబర్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన "ఎమ్మా" పైకి పెళ్ళి సంబంధాల కథ. లోపల అది పాఠకుడి మీద పన్నిన ఉచ్చు. కథని తెర మీదికి ఎక్కించడం తేలికే. ఉచ్చుతోనే చిక్కంతా.

పెళ్ళి మాటలకి ముందు వరసలు, ఆస్తులు

లండన్‌కి 16 మైళ్ళ దూరంలో, అంటే దాదాపు 26 కిలోమీటర్లలో, హైబరీ అనే కల్పిత గ్రామం. ఆ ఊళ్ళో పెద్దింటి పిల్ల ఎమ్మా వుడ్‌హౌస్, ఇరవై ఒక్క ఏళ్ళు నిండబోతున్నాయి. తల్లి లేదు. తండ్రికి ఎప్పుడూ జలుబు భయం, గాలి భయం, పెళ్ళిళ్ళంటే మరీ భయం. ఎమ్మా పేరిట 30,000 పౌండ్లున్నాయి. నాలుగు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 1,200, ఐదు వేసుకుంటే 1,500. ఈ అంకె గుర్తుంచుకోవాలి. ఆ కాలపు ఇంగ్లండ్‌లో ఆస్తి లేని ఆడపిల్లకి పెళ్ళే బతుకుతెరువు. ఎమ్మాకి ఆ అవసరమే లేదు, కాబట్టి తను పెళ్ళి చేసుకోనంటుంది. తనకి అక్కర్లేని పనిని ఊరందరికీ చేసి పెట్టాలని మాత్రం తహతహ.

పక్క ఎస్టేటు యజమాని నైట్లీకి 37, 38 ఏళ్ళు. ఎమ్మా అక్క ఇసబెల్లాని చేసుకున్నది ఇతని తమ్ముడే. ఇక్కడ తెలుగు పాఠకులకి ఇంగ్లిష్ పాఠకులకి లేని సౌకర్యం ఒకటుంది. బావకి అన్న అంటే మనకి వరసకు బావే. మొదటి అధ్యాయంలో అతను గుమ్మంలో అడుగు పెట్టగానే మనకి కథ ఎటు పోతుందో వాసన తగులుతుంది. ఇంగ్లిష్‌వాళ్ళ మాటల్లో అక్క భర్త వైపువాళ్ళంతా సోదర వర్గమే. అందుకే మూడో సంపుటంలో నాట్యాల రాత్రి ఎమ్మా, కలిసి ఆడితే తప్పుపట్టేంత అన్నాచెల్లెళ్ళమేం కాదుగా మనం, అంటుంది. అన్నాచెల్లెళ్ళా, కానే కాదు, అని అతను గట్టిగా అంటాడు. వాళ్ళ భాషలో అది తలుపు తెరుచుకున్న క్షణం. మన భాషలో ఆ తలుపు మొదట్నుంచీ బార్లా తెరిచే ఉంది.

"క్లూలెస్"లో లెక్క తిరగబడుతుంది. నైట్లీ స్థానంలో ఉన్న జాష్, కథానాయిక షేర్ తండ్రికి ఒకప్పటి భార్య కొడుకు. ఆ పెళ్ళి ఎప్పుడో రద్దయింది, రక్తసంబంధమూ లేదు. అయినా మన చెవికి అది అన్న వరసే కాబట్టి కొంచెం గుచ్చుకుంటుంది. దర్శకురాలు ఎమీ హెకర్లింగ్ కావాలని తెచ్చుకున్న ఇబ్బందే అది. 1815 పాఠకులకి కలిగిన చిన్న తటపటాయింపు 1995 ప్రేక్షకుడికీ కలగాలంటే అంత దగ్గర వరస కావాల్సి వచ్చింది.

మిగతావాళ్ళని గబగబా చెప్పుకుందాం. హ్యారియెట్ స్మిత్, 17 ఏళ్ళు, తండ్రెవరో తెలియని పిల్ల. ఎవరో డబ్బు కడుతుంటే ఊరి బళ్ళోనే ఉంటోంది. రాబర్ట్ మార్టిన్, 24 ఏళ్ళు, నైట్లీ భూమి కౌలుకి చేస్తున్న రైతు, హ్యారియెట్ అంటే ఇష్టం. ఎల్టన్, ఊరి పాదిరి, కట్నం మీద కన్ను. మిస్ బేట్స్, ఒకప్పుడు బాగా బతికి చితికిన ఇంటి పెళ్ళికాని ఆవిడ, నోరు మూతపడదు. ఆవిడ చెల్లెలి కూతురు జేన్ ఫెయిర్‌ఫాక్స్, చదువూ సంగీతమూ ఉన్నాయి, డబ్బు లేదు. ఫ్రాంక్ చర్చిల్, 23 ఏళ్ళు, మేనమామ ఇంట పెరిగినవాడు, ఆయన భార్య మాట దాటితే ఆస్తి పోతుంది.

ఎమ్మా పేరయ్య కాదు

మన పెళ్ళిళ్ళ పేరయ్య రెండిళ్ళ గుమ్మాలూ ఎక్కి దిగుతాడు, ఆస్తి, గోత్రం, నక్షత్రం కనుక్కుంటాడు, కుదిరితే తన ముట్టజెప్పేది పుచ్చుకుంటాడు. ఎమ్మా ఇందులో ఒక్కటీ చెయ్యదు. ఎవర్నీ అడగదు, ఏదీ విచారించదు, పైసా ఆశించదు. దూరం నుంచి చూసి ఊహించుకుంటుంది, ఆ ఊహనే సమాచారం అనుకుంటుంది.

మొదటి అధ్యాయంలోనే దీనికి మచ్చు దొరుకుతుంది. తనకి చదువు చెప్పిన గవర్నెస్ మిస్ టేలర్, ఊళ్ళోనే ఉండే వెస్టన్‌ని పెళ్ళాడి వెళ్ళిపోయింది. అది నేను కుదిర్చిందే, నాలుగేళ్ళ కిందటే అనుకున్నాను, అంటుంది ఎమ్మా. ఏదో ఒకరోజు వీళ్ళిద్దరికీ అయితే బావుణ్ణు అనుకోవడం కుదర్చడం కాదు, నీ ఊహ ఫలించింది, అంతే, అంటాడు నైట్లీ. నవల మొత్తానికి ఇదే తాళంచెవి. ఎమ్మా ధైర్యమంతా తను చెయ్యని పనికి తనే వేసుకున్న మార్కుల మీద నిలబడి ఉంది.

"క్లూలెస్" ఇక్కడే పక్క దారి పట్టింది. షేర్ నిజంగానే ఒక జంటని కలుపుతుంది. మార్కులు తక్కువేసే మాస్టారు హాల్‌ని మెత్తబరచడానికి, ఆయన్నీ టీచరమ్మ గైస్ట్‌నీ దగ్గర చేస్తుంది. అది ఫలించి చివర్లో పెళ్ళి కూడా అవుతుంది. సినిమాకి దీనివల్ల లాభం ఉంది: తొలి ఇరవై నిమిషాల్లోనే ప్రేక్షకుడికి ఈ పిల్ల నచ్చుతుంది. నష్టమూ ఉంది: ఎమ్మాకి లేని నైపుణ్యం షేర్‌కి ఉందని తేలిపోతుంది. తర్వాత ఆమె చేసే తప్పులు పొరపాట్లుగా కనిపిస్తాయి గాని భ్రమగా కాదు.

బొమ్మ, పొడుపు కథ, గుర్రబ్బండి: ఒక పొరపాటు విడమరిచి

హ్యారియెట్‌ని ఎల్టన్‌కి ముడిపెట్టాలన్నది ఎమ్మా మొదటి పథకం. మార్టిన్ ఉత్తరం రాసి అడిగితే హ్యారియెట్ చేత వద్దనిపిస్తుంది. తర్వాత మెట్టు మెట్టుగా ఆధారాలు పోగవుతాయి.

ఎమ్మా నీటిరంగుల్లో హ్యారియెట్ బొమ్మ వేస్తుంది. ఎల్టన్ పక్కనే ఉండి ఒకటే మెచ్చుకోలు. ఆమెని ఉన్నదానికంటే పొడుగు చేశావు, అని నైట్లీ మాత్రం ఉన్న మాట అంటాడు. ఆ బొమ్మకి ఫ్రేము కట్టించడానికి ఎల్టన్ పనిగట్టుకుని లండన్ వెళ్తానంటాడు. ఎమ్మా లెక్క: బొమ్మలోని పిల్ల మీద ఇష్టం. అసలు సంగతి: బొమ్మ వేసిన పిల్ల మీద ఇష్టం. ఒకే పని, రెండు అర్థాలు. రెండూ పొసుగుతాయి.

తర్వాత ఎల్టన్ ఒక పొడుపు కథ పద్యం ఇచ్చి వెళ్తాడు. మొదటి భాగం రాజుల వైభవం, రెండోది సముద్రాల్ని ఏలేది, కలిపితే ఏమిటి? మొదటిది "కోర్ట్", రెండోది "షిప్", కలిపితే "కోర్ట్‌షిప్": పెళ్ళి ఉద్దేశంతో ఆడపిల్ల వెంట తిరగడం. చివర్లో, నీ చురుకైన బుద్ధి దీన్ని ఇట్టే విప్పుతుంది, అని ఒక పొగడ్త. హ్యారియెట్ విప్పడానికి తంటాలు పడుతుంది: సముద్ర దేవుడా, త్రిశూలమా, మత్స్యకన్యా, సొరచేపా? హ్యారియెట్‌కి చురుకైన బుద్ధా, ప్రేమ ఎంత గుడ్డిదైతే అలా అనిపించాలి, అని ఎమ్మా లోలోపల నవ్వుకుంటుంది. సాక్ష్యం చేతిలోనే ఉంది. చురుకైన బుద్ధి ఎవరిదో తనకే బాగా తెలుసు. అయినా పద్యం తనకి రాసిందన్న ఆలోచన రాదు, ఎందుకంటే తీర్పు ముందే అయిపోయింది. ఎల్టన్ కన్ను నీ మీదే ఉందేమో చూసుకో, అని అక్క భర్త హెచ్చరించినా నవ్వి ఊరుకుంటుంది.

క్రిస్మస్ ముందు రాత్రి వెస్టన్ ఇంట్లో విందు, మంచు పడుతోందని కంగారు, బళ్ళలో ఎక్కించడంలో తారుమారు. ఎమ్మా ఎల్టన్ ఒకే బండిలో పడతారు. బండి కదిలిందో లేదో అతను చెయ్యి పట్టుకుని ప్రేమ ఒలకబోస్తాడు. హ్యారియెట్ పేరెత్తితే, ఎవరూ, ఆ పిల్లా, అంటాడు. తర్వాత కొద్ది వారాల్లోనే బాత్ పట్నం వెళ్ళి 10,000 పౌండ్ల పిల్లని కుదుర్చుకుంటాడు. అది కూడా పదివేలు అని చెప్పుకోదగినన్ని వేలట, ఆస్టెన్ ఎత్తిపొడుపు.

"క్లూలెస్" ఇదే యంత్రాన్ని ఒక్కో మరా విప్పి బిగించింది. బొమ్మ బదులు ఫొటో: హ్యారియెట్ స్థానంలో ఉన్న టై అనే అమ్మాయిని షేర్ ఫొటో తీస్తే, దాన్ని ఎల్టన్ తన లాకర్‌లో పెట్టుకుంటాడు. గుర్రబ్బండి బదులు కారు: పార్టీ నుంచి నేనే దింపుతానని పట్టుబట్టి ఎక్కించుకుని, ఆమె కాదనేసరికి పార్కింగ్ స్థలంలో వదిలేసి పోతాడు, అక్కడ ఆమెని తుపాకీ చూపించి దోచుకుంటారు. పొడుపు కథ మాత్రం పోయింది. పోవడమే మంచిదైంది, 1995 హైస్కూల్లో పద్యం రాసిచ్చేవాణ్ణి నమ్మడం కష్టం.

ఎవరి మాటో చెప్పని వాక్యం

పైన చూసిన పొరపాటు ఎమ్మాది. కాని తొలిసారి చదివేవాళ్ళలో చాలామంది ఆమెతో పాటే బోల్తా పడతారు, ముఖ్యంగా ఫ్రాంక్ విషయంలో. ఎందుకో తెలియాలంటే ఈ మూడు వాక్యాలు చూడండి. ఇవి నవలలోవి కావు, పద్ధతి చూపడానికి నేను కట్టినవి.

"మార్టిన్ లాంటి రైతు హ్యారియెట్‌కి తగడు," అంది ఎమ్మా.

మార్టిన్ లాంటి రైతు హ్యారియెట్‌కి తగడని ఎమ్మా అనుకుంది.

మార్టిన్ లాంటి రైతు హ్యారియెట్‌కి ఎక్కడ తగుతాడు!

మొదటి రెండింటికీ యజమాని ఉన్నాడు. మూడోది రచయిత్రి గొంతులో వినిపిస్తుంది, లోపల ఉన్నది ఎమ్మా అభిప్రాయం. "అంది", "అనుకుంది" అన్న గుంజ పీకేస్తే వాక్యం ఎవరి దొడ్లోదో చెప్పలేం. తెలుగు కథకులూ దీన్ని రోజూ వాడతారు, పేరు పెట్టకుండా. ఆస్టెన్ ప్రత్యేకత ఏమిటంటే అలాంటి వాక్యాలతో అధ్యాయాలకి అధ్యాయాలు నడిపింది. ఎమ్మా పొరపాటు మనకి కథకురాలు చెప్పిన నిజంలా అందుతుంది.

ఫ్రాంక్ ఉదాహరణ తీసుకోండి. జుట్టు కత్తిరించుకోవడానికి లండన్ వెళ్ళొస్తాడు, పోనూ రానూ 32 మైళ్ళు. డాబు మనిషి అని ఊరు చెవులు కొరుక్కుంటుంది. ఆ రోజుల్లోనే జేన్ ఫెయిర్‌ఫాక్స్‌కి బ్రాడ్‌వుడ్ కంపెనీ పియానో ఒకటి దిగుతుంది, పంపింది ఎవరో తెలియదు. జేన్ స్నేహితురాలి భర్త పంపాడని ఎమ్మా అనుమానం. ఆ అనుమానాన్ని చెప్పుకునేది ఎవరితో? ఫ్రాంక్‌తోనే. అతను మహా ఉత్సాహంగా వంత పాడతాడు. ఇంకోరోజు అందరూ బేట్స్ వాళ్ళింటికి వెళ్ళేసరికి మిస్ బేట్స్ ముసలి తల్లి కునుకు తీస్తుంటుంది, ఫ్రాంక్ ఆవిడ కళ్ళజోడుకి మేకు బిగిస్తుంటాడు, జేన్ వీపు ఇటు తిప్పి పియానో ముందు నిలబడి ఉంటుంది. ఒక్క మేకు బిగించడానికి అంతసేపా? నవల ఆ ప్రశ్న మన చేత అడగనివ్వదు. వాళ్ళిద్దరికీ వేమౌత్‌లోనే రహస్యంగా నిశ్చితార్థం అయిపోయిందని మూడో సంపుటంలో తెలుస్తుంది. ఫ్రాంక్ మేనమామ భార్య పోయాకే బయటపడతారు. రెండోసారి చదివితే ప్రతి పేజీలోనూ సాక్ష్యాలు పళ్ళికిలిస్తుంటాయి.

41వ అధ్యాయం ఒక్కటీ నైట్లీ కళ్ళతో నడుస్తుంది. అక్షరాల ముక్కలతో పదాలు కూర్చే ఆటలో ఫ్రాంక్ జేన్ ముందుకి "పొరపాటు" అనే అర్థం వచ్చే పదం తోస్తాడు. నైట్లీ చూస్తాడు, శంకిస్తాడు, ఎమ్మాని హెచ్చరిస్తాడు. ఆమె ఎప్పటిలాగే నవ్వేస్తుంది. పాఠకుడికి రచయిత్రి ఇచ్చిన చివరి అవకాశం అది.

కెమెరాకి అబద్ధం ఎందుకు రాదు

గుంజ లేని వాక్యం కాగితం మీద దాక్కుంటుంది. కెమెరా ముందు ఇద్దరు మనుషులు ఒక గదిలో ఉంటే వాళ్ళ మొహాలు కనిపించి తీరాలి. ఫ్రాంక్ జేన్ వైపు చూస్తే ప్రేక్షకుడు పట్టేస్తాడు. చూడకపోతే తర్వాత మోసం అనిపిస్తుంది. ఏ ఎడిటర్‌కైనా ఇది రెండు గంటల తలనొప్పి. టీవీవి పక్కన పెడితే, మిగిలిన నాలుగు సినిమాలూ నాలుగు రకాలుగా తప్పించుకున్నాయి.

"క్లూలెస్" రహస్యాన్నే మార్చేసింది. 1995 కాలిఫోర్నియాలో రహస్య నిశ్చితార్థానికి పస లేదు. దాంతో ఫ్రాంక్ స్థానంలో వచ్చిన క్రిస్టియన్ స్వలింగ ప్రేమికుడు. అతని ఇష్టాలు, వేషధారణ ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తాయి, షేర్‌కి తప్ప. అంటే ప్రేక్షకుడు బోల్తా పడడు, పడుతున్నదాన్ని చూసి నవ్వుతాడు. ఇది నవల పద్ధతికి సరిగ్గా ఎదురు. అయితే ఇంకోచోట ఈ సినిమా అందరికంటే దగ్గరికి వెళ్ళింది. మొదట్లోనే షేర్ గొంతు, నాది మామూలు అమ్మాయిల జీవితమే, అంటుంది. అదే సమయంలో తెర మీద ఆమె కంప్యూటర్‌లో తన బీరువాని తిప్పుతూ ఏ చొక్కాకి ఏ లంగా నప్పుతుందో చూసుకుంటుంది. గొంతు ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకోటి చూపిస్తుంది. గుంజ లేని వాక్యానికి సినిమా భాషలో ఇంతకంటే మంచి అనువాదం నాకు కనపడలేదు. లంగాలు, లోలకులు, కార్లు ఉన్న 97 నిమిషాల సినిమాని విమర్శకులు ఇంకా నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఇదే.

1996 సినిమాలో డగ్లస్ మెక్‌గ్రాత్ వాదనల్ని పనులుగా మార్చాడు. మార్టిన్ గురించి ఎమ్మాకీ నైట్లీకీ గొడవ నవలలో ఇంట్లో కూర్చుని జరుగుతుంది. సినిమాలో ఇద్దరూ విలువిద్య అభ్యాసం చేస్తూ పోట్లాడతారు, కోపంలో ఆమె బాణం గురి తప్పి ఎటో పోతుంది, నా కుక్కల్ని చంపకు, అంటాడు అతను. తప్పు లెక్క కంటికి కనిపించింది. సంగీతం చేసిన రేచల్ పోర్ట్‌మన్‌కి ఆస్కార్ వచ్చింది, సంగీత దర్శకత్వానికి ఒక మహిళకి అదే మొదటిది.

"ఆయిషా" కథని ఢిల్లీ సంపన్నుల మధ్య నిలబెట్టింది. రాజశ్రీ ఓఝా దర్శకత్వం, సోనమ్ కపూర్, అభయ్ డియోల్. హర్యానా చిన్న ఊరు నుంచి వచ్చిన షెఫాలీని ముస్తాబు చేసి సంబంధం చూడడం మీద కథ తిరుగుతుంది. బ్రాండ్ల హడావుడి ఎక్కువైందని అప్పట్లో వచ్చిన విమర్శ న్యాయమైనదే. ఊహకి మాత్రం మంచి పునాది ఉంది, పెళ్ళి మాటల్లో కులం, ఊరు, ఇంగ్లిష్ తూకం వేసే దేశంలో ఈ కథకి 1815 నాటి పదును ఇంకా తగ్గలేదు. ఆ పదును మీద సినిమా చెయ్యి పెట్టలేదు. అమృతా పురి వేసిన షెఫాలీ తిరగబడే ఘట్టం తప్ప మిగతాది షాపింగ్.

ఇక్కడో చిన్న సవరణ. రాజీవ్ మేనన్ 2000లో తీసిన తమిళ సినిమా "ప్రియురాలు పిలిచింది"గా తెలుగులోకి డబ్బింగ్ అయింది కదా, దాన్నీ కొందరు ఈ జాబితాలో కలుపుతుంటారు. టబు, ఐశ్వర్యా రాయ్ అక్కాచెల్లెళ్ళుగా వేసిన ఆ కథకి ఆధారం ఆస్టెన్‌దే, కాని 1811 నాటి వేరే నవల, "సెన్స్ అండ్ సెన్సిబిలిటీ".

2020 సినిమా ఒళ్ళుని ముందుకి తెచ్చింది

ఆటమ్ డి వైల్డ్ దర్శకత్వం, బుకర్ బహుమతి అందుకున్న నవలాకారిణి ఎలినార్ కాటన్ స్క్రీన్‌ప్లే, 124 నిమిషాలు. ఋతువుల పేర్లతో భాగాలు చేశారు. రంగులు మిఠాయి దుకాణంలా ఉంటాయి.

ఇందులో కొత్త సంగతి ఏమిటంటే మర్యాదస్తుల ఒళ్ళు కనిపిస్తుంది. నైట్లీ తొలిసారి కనపడేసరికి నౌకరు అతని బట్టలు మారుస్తుంటాడు. ఎవరూ లేనప్పుడు ఎమ్మా గౌను వెనకవైపు పైకెత్తి చలిమంటకి వెచ్చచేసుకుంటుంది. నాట్యం రాత్రి తర్వాత నైట్లీ ఇంటికొచ్చి నేల మీద వెల్లకిలా పడిపోతాడు. నవలలో అతని ప్రేమ చివరి దాకా గుట్టు, ఎమ్మాకి తెలియనిది మనకీ తెలియదు. సినిమా ఆ గుట్టుని సగంలోనే విప్పేసింది. ఊహించే ఆట పోయింది, ఎదురుచూసే ఆట వచ్చింది.

దీనికి పరాకాష్ఠ ప్రేమ చెప్పే ఘట్టం. నవలలో నైట్లీ, నిన్ను ఇంతగా ప్రేమించకపోతే ఇంకాస్త బాగా మాట్లాడగలిగేవాణ్ణేమో, అంటాడు. ఆమె జవాబు ఆస్టెన్ రాయనే లేదు. ఏమంది? ఏం అనాలో అదే, మర్యాదస్తురాలు ఎప్పుడూ అంతేగా, అని దాటేసింది. రచయిత్రి తలుపు వేసుకోవచ్చు, నటి వేసుకోలేదు, ఆమె మొహం తెర నిండా ఉంది. కాటన్, డి వైల్డ్ ఏం చేశారంటే, సరిగ్గా ఆ క్షణాన ఎమ్మాకి ముక్కు నుంచి రక్తం కారుతుంది. నైట్లీ కంగారు పడతాడు, ఆమె హ్యారియెట్ మాట ఎత్తుతుంది. మాట దాటేయడానికి మాటే అక్కర్లేదని కనిపెట్టారు. కొందరికి ఇది వెకిలిగా అనిపించింది. నాకైతే ఆస్టెన్ చేసిన కొంటెపనికి ఇది సరైన జోడీ.

కెమెరా నవలని ఓడించే చోటు కూడా ఒకటుంది: బాక్స్ హిల్ కొండ మీద విహారం. ఒక తెలివైన మాటైనా, రెండు ఓ మోస్తరువైనా, మూడు చప్పటివైనా ప్రతివాళ్ళూ చెప్పాలని ఆట. మూడు చప్పటివంటే నాకు సులువే, అంటుంది మిస్ బేట్స్ సంబరంగా. మూడుతో ఆపడమే మీకు కష్టం, అంటుంది ఎమ్మా. ఆవిడకి వెంటనే అర్థం కాలేదనీ, అర్థమయ్యాక మొహం కొద్దిగా కందిందనీ నవల రెండు ముక్కల్లో చెబుతుంది. 2020లో మిస్ బేట్స్‌గా వేసిన మిరాండా హార్ట్ మొహం మీద అదే విషయం నెమ్మదిగా దిగుతుంటే చూడలేం. 1996లో సోఫీ థాంప్సన్‌దీ అదే స్థాయి. ఆవిడ లేనిది, ఇంకా లేనిది కాబోతోంది, అని నైట్లీ తర్వాత ఎమ్మాని ఏకిపారేస్తాడు. ఎమ్మా నోటి దురుసుకి అసలు ధర అప్పుడు తెలుస్తుంది. "క్లూలెస్"లో మిస్ బేట్స్ లేదు. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన పనిమనిషి లూసీతో, నాకు మెక్సికన్ రాదు, అని షేర్ అనే మాట ఆ లోటు కొంత పూడ్చింది.

మార్టిన్ పెళ్ళి ఎవరు చేశారు?

విమర్శకుల అసలు పోట్లాట ఇక్కడ. నవలలో మార్టిన్ హ్యారియెట్‌లు చివరికి ఎలా కలిశారు? నైట్లీ ఏవో కాగితాలిచ్చి మార్టిన్‌ని లండన్‌లో తమ్ముడి ఇంటికి పంపుతాడు. అప్పటికి హ్యారియెట్ అక్కడే ఉంది. అందరూ కలిసి ఆస్ట్లీ వారి గుర్రాల ప్రదర్శన చూస్తారు, మర్నాడు భోజనం, అతను మళ్ళీ అడుగుతాడు, ఆమె ఒప్పుకుంటుంది. వాళ్ళని కలపాలన్న ఆలోచన ఎమ్మాకి లేనే లేదు. తర్వాత హ్యారియెట్ తండ్రి ఒక వ్యాపారి అని తేలుతుంది. స్నేహం నెమ్మదిగా పలచబడుతుంది, పలచబడాల్సిందే అని నవల అంటుంది.

ఒక వర్గం వాదన: ఇది పాత అంతస్తుల్ని ఎక్కడివక్కడ సర్దేసిన ముగింపు. తండ్రెవరో తెలియని పిల్ల రైతుతో సరిపెట్టుకుంది, పెద్దింటి పిల్ల భూస్వామిని చేసుకుంది. ఎదుటి వర్గం: మార్టిన్‌ని తక్కువ చూసింది ఎమ్మాయే గాని ఆస్టెన్ కాదు, మార్టిన్ తెలివైన, గౌరవం గల రైతు అని నైట్లీ చేత మొదట్లోనే చెప్పించింది. ఇద్దరికీ పేజీల్లో ఆధారాలున్నాయి, ఎందుకంటే తగాదా మళ్ళీ ఆ గుంజ లేని వాక్యం దగ్గరికే వస్తుంది. తండ్రి వ్యాపారి అని తెలిశాక, గొప్ప వంశమో డబ్బో కడిగెయ్యని అక్రమ పుట్టుక నిజంగానే మచ్చ అన్న అర్థంలో ఒక వాక్యం వస్తుంది. అది ఆస్టెన్ తీర్పా, ఇంకా మారని ఎమ్మా బుద్ధా? "అనుకుంది" అన్న మాట అక్కడ లేదు.

2020 సినిమా ఆ సందేహాన్ని ఉంచలేదు. ఎమ్మా స్వయంగా మార్టిన్ దగ్గరికి వెళ్ళి తను చెడగొట్టింది బాగుచేస్తుంది. తండ్రి వ్యాపారి అని హ్యారియెట్ చెప్పినప్పుడు, ఆయన్ని మా ఇంటికి తీసుకురా, అంటుంది. ఇప్పటి ప్రేక్షకుడికి ఇది కావాలి, తప్పు చేసిన మనిషి దిద్దుకోకుండా సుఖపడితే మనం ఒప్పుకోం. కాని దీనివల్ల ఎమ్మాకి నవల ఎన్నడూ ఇవ్వని విజయం ఒకటి దక్కింది, కుదిర్చిన సంబంధం.

వయసు సంగతీ ఇలాంటిదే. 16 ఏళ్ళ తేడా, పైగా చిన్నప్పట్నుంచీ మందలిస్తూ పెంచిన మనిషి. తప్పులు చెప్పేది ఆయన, దిద్దుకునేది ఈమె, ఇదేం ప్రేమ అని కొందరి అభ్యంతరం. ఊళ్ళో ఎమ్మాని నిలదీయగల మనిషి అతనొక్కడే, ఆమె కూడా అతని తప్పులు ఎత్తి చూపుతుంది, అని ఇంకొందరి జవాబు. సినిమాలు వాదించకుండా నటుల ఎంపికతో సర్దేశాయి: 2020లో జానీ ఫ్లిన్ వేసిన నైట్లీ మందలించేవాడిలా కాక తనూ తడబడేవాడిలా కనిపిస్తాడు.

కోళ్ళ గూడు

ఇంతా అయ్యాక నవలలో ఇంకో చిక్కు మిగులుతుంది. ఎమ్మా ఇల్లు కదిలితే తండ్రి బతకడు, నైట్లీయే వచ్చి ఆ ఇంట్లో ఉంటానంటాడు. అంతటి భూస్వామి ఇల్లరికం వస్తానన్నా ముసలాయన ఒప్పుకోడు. నెలలు గడుస్తాయి. ఒక రాత్రి వెస్టన్ గారి గూట్లో టర్కీ కోళ్ళన్నీ దొంగలు ఎత్తుకుపోతారు, చుట్టుపక్కల గూళ్ళకీ అదే గతి. ముసలాయనకి గుండె జారిపోతుంది, ఇంట్లో గట్టి మగదిక్కు ఉంటే బావుణ్ణనిపిస్తుంది. పెళ్ళికి సరే అంటాడు. చర్చిలో పెళ్ళి జరిపించిన పాదిరి ఎల్టనే. తెల్ల శాటిన్ బొత్తిగా తక్కువ, లేసు ముసుగులూ కొద్దే, ఇదేం పెళ్ళి, అని ఎల్టన్ భార్య మూతి విరుస్తుంది. ఆవిడ ఆ పెళ్ళికి వెళ్ళనే లేదు, మొగుడు చెబితే విని అన్న మాట.